సాక్షి రామదాసు... వాది త్యాగయ్య!

సిరికొండ చుట్టుపక్కల పల్లెల్లో శనివారం పొద్దుగూకితే హనుమాండ్ల గుడి ముందు చాప పరుస్తారు. హార్మోనియం పెట్టె మూత తెరుచుకుంటుంది. తాళాలు, చిడతలు, ఒక తబలానో ఢోలకో. అంతే సరంజామా. పగలంతా పొలంలో ఉన్నవాళ్లు, దుబాయి నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు, బీడీల చేట పక్కన పెట్టి వచ్చిన అమ్మలు... ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. పుస్తకం ఉండదు. ఉన్నా ఎవరూ చూడరు. ఆ రాత్రి వినిపించే పాటల్లో ఎన్ని భద్రాచల రామదాసువో లెక్కపెట్టడం కష్టం. పాడేవాళ్లకే తెలియదు మరి!

ఇక్కడికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, కావేరి ఒడ్డున తిరువయ్యూరులో ఏటా పుష్య బహుళ పంచమి నాడు వందలమంది విద్వాంసులు బారులుతీరి కూర్చుని త్యాగరాజ పంచరత్నాలు పాడతారు. పట్టుపంచెలు, వీణలు, వయొలిన్లు, టీవీ కెమెరాలు. ఆ వేదికకూ ఈ చాపకూ ఏమిటి సంబంధం?

ఉంది. ఆ మాట చెప్పింది కూడా ఎవరో కాదు, స్వయంగా త్యాగరాజే. ఒకసారి కాదు, కనీసం నాలుగుసార్లు... రామదాసు పేరు పెట్టి మరీ చెప్పాడు.

ఇందూరులో ఇద్దరు రామదాసులు

సిరికొండ నుంచి ధర్పల్లి, డిచ్‌పల్లి మీదుగా నిజామాబాద్ వెళ్లే దారి రాముడి దారే అనాలి. డిచ్‌పల్లిలో గుట్ట మీద కాకతీయుల కాలం నాటి రామాలయం. గోడల నిండా ఉన్న శిల్పాలను చూసి దీన్ని ఇందూరు ఖజురహో అంటారు. అక్కడి నుంచి పట్నంలోకి వస్తే రఘునాథ చెరువు, దాని పక్కనే ఖిల్లా. కోట మీద మళ్లీ రఘునాథుడి గుడి.

ఈ ఖిల్లా గుడిని కట్టించింది ఛత్రపతి శివాజీ గురువు సమర్థ రామదాసు అని నిజామాబాద్ వాసులు చెప్పుకుంటారు. మహారాష్ట్ర సరిహద్దు దగ్గర ఉన్న జిల్లా కాబట్టి ఆ కథ ఇక్కడ సహజంగా ఇమిడిపోయింది. బోధన్ వైపు చెరకు పల్లెల్లో ఇప్పటికీ తెలుగు కీర్తన అవగానే మరాఠీ అభంగం ఎత్తుకునే భజన బృందాలున్నాయి. రాముడి పాట, విఠలుడి పాట ఒకే తాళానికి నడుస్తాయి. షక్కర్‌నగర్‌లో 1937లో వెలిసిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది గానీ ఈ రెండు భాషల భజన మాత్రం ఆగలేదు.

అయితే ఇక్కడో చిక్కుంది. సమర్థ రామదాసు (1608-1681), భద్రాచల రామదాసు ఇద్దరూ పదిహేడో శతాబ్దం వాళ్లే. ఇద్దరూ రామభక్తులే. సమర్థుడి శిష్య పరంపర తంజావూరులో మఠాలు పెట్టింది. తంజావూరును 1670ల నుంచి ఏలినవాళ్లూ మరాఠాలే. మరి త్యాగయ్య తలుచుకున్న రామదాసు ఏ రామదాసు?

సందేహం అక్కర్లేదు. ఆయన రాసిన ‘ప్రహ్లాద భక్తి విజయం’ అనే సంగీత నాటకం మొదట్లో పూర్వ భక్తులకు మొక్కుతూ ఒక పద్యం ఉంది. అందులో కలియుగంలో భద్రాచలాన వెలసిన రాముడి భక్తులందరిలోకీ శ్రేష్ఠుడని రామదాసును కొనియాడాడు. ఊరి పేరుతో సహా చెప్పాక ఇక వాదన ఎందుకు!

తాసీల్దారు పాట

రామదాసు కథ తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న. గోల్కొండ నవాబు తానీషా కొలువులో ఉన్న అక్కన్న, మాదన్నలకు మేనల్లుడంటారు. పాల్వంచ పరగణాకు తాసీల్దారు. వసూలు చేసిన సర్కారు సొమ్ముతో భద్రాద్రి రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఫలితం గోల్కొండ ఖైదు. పన్నెండేళ్లు అందులోనే మగ్గాడని జనం నమ్మిక. చివరికి రామలక్ష్మణులే బంట్ల వేషంలో వచ్చి తానీషాకు డబ్బు కట్టి రసీదు తీసుకున్నారన్నది కథ. గోల్కొండ కోట చూడబోయినవాళ్లకు రామదాసు బందీఖానా ఇప్పటికీ చూపిస్తారు. గోడ మీద దేవుళ్ల బొమ్మలు చెక్కి ఉంటాయి.

ఈ కథలో ఏది చరిత్ర, ఏది భక్తి అన్న తర్జనభర్జన చరిత్రకారులది. పాటల విషయానికి వస్తే మాత్రం ఒక కొత్త సంగతి కనిపిస్తుంది. అంతకుముందు దేవుణ్ని పొగిడినవాళ్లున్నారు, వేడుకున్నవాళ్లున్నారు, అలిగినవాళ్లూ ఉన్నారు. దేవుడి ముందు ఖర్చుల చిట్టా విప్పినవాడు రామదాసు! ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో సీతమ్మకు చేయించిన పతకం ఎంతయిందో, భరతుడి పచ్చల పతకానికి ఎన్ని వరహాలయ్యాయో వరసగా చెబుతాడు. ఈ సొమ్మంతా నీ తండ్రి ఇచ్చాడా, మామ పంపాడా అని నిలదీస్తాడు. చివరకు దెబ్బలు ఓర్వలేక తిట్టానయ్యా, ఏమీ అనుకోకు అని తగ్గుతాడు. లెక్కలు రాసే అధికారికి తప్ప ఇంకెవరికి తడుతుంది ఇలాంటి పాట?

అంతా తిట్లేనా అంటే కాదు. రాముడు పలకకపోతే సీతమ్మను ఆశ్రయిస్తాడు. ఆయన ఏకాంతంలో ఉన్నప్పుడు నా సంగతి కాస్త చెవిన వెయ్యమ్మా అంటాడు. నాన్నతో పని పడితే అమ్మతో చెప్పించే పిల్లవాడి ఎత్తు అది. ఏ ఇంట్లో తెలియదు ఈ విద్య!

గోదావరి నుంచి కావేరికి

గోల్కొండ కోట 1687లో ఔరంగజేబు వశమైంది. సరిగ్గా ఎనభై ఏళ్లకు, 1767లో తిరువారూరులో త్యాగరాజు పుట్టాడు. తెలుగు ములకనాటి బ్రాహ్మణ కుటుంబం. ఈ మధ్యకాలంలో రామదాసు పాట తెలుగు నేల దాటి అరవ దేశం చేరిపోయింది. అచ్చు పుస్తకం లేదు, స్వరలిపి లేదు. మరి ఎలా?

నోటి మీద. తంజావూరును ఏలిన నాయకరాజులకు తెలుగు ఆస్థాన భాష. తర్వాత వచ్చిన మరాఠాలూ తెలుగును ఆదరించారు. కావేరి తీరపు అగ్రహారాల్లో బోధేంద్రులు, శ్రీధర అయ్యావాళ్ వంటివారు నామసంకీర్తనకు పాదు వేశారు. అక్కడి భజన పద్ధతిలో జయదేవుడి అష్టపదులు, నారాయణతీర్థుల తరంగాలు, పురందరదాసు పదాలతో పాటు భద్రాచల రామదాసు కీర్తనలకూ స్థానం దక్కింది. తల్లి సీతమ్మ చిన్నప్పటి నుంచి త్యాగయ్యకు పురందరదాసు, రామదాసు పాటలు పాడి వినిపించేదని పెద్దలు చెబుతారు. సొంఠి వేంకటరమణయ్య దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకోవడం ఆ తర్వాతి మాట.

దీని ఛాయ త్యాగయ్య రచనల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన కృతులు రెండు తీరులు. ఒకటి విద్వాంసులు మాత్రమే పాడగలిగేవి. ఒక్కో పంక్తికి సంగతి మీద సంగతి పేర్చుకుంటూ రాగాన్ని పెంచుకుపోయేవి. రెండోది దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు. పల్లవి చిన్నది. చరణాలు ఎన్నో ఉన్నా వరస ఒక్కటే. ఒకరు చెబితే పదిమంది అందుకోవచ్చు. సిరికొండ చాప మీద కూర్చున్నవాళ్లకు ఇది ఇట్టే పట్టుబడే పద్ధతి. రామదాసు పాట కట్టిన అచ్చు అదే కదా!

‘విన్నాను’ అన్న మాట

అయితే వరసల పోలిక చిన్న సంగతి. రామదాసు నుంచి త్యాగయ్యకు అసలు దక్కింది దేవుడితో పేచీ పెట్టుకునే హక్కు.

దేవగాంధారి రాగంలో త్యాగయ్య కట్టిన ‘క్షీరసాగర శయన’ వినని సంగీత ప్రియులుండరు. అందులో రాముడి ముందు తన కేసు పెడతాడు. గజేంద్రుణ్ని కాపాడావని విన్నాను, ద్రౌపదికి చీరలిచ్చావని విన్నాను, సీత కోసం సముద్రం దాటావని విన్నాను... ఇలా పాత తీర్పులన్నీ ఒక్కొక్కటీ గుర్తుచేస్తాడు. ఆ వరసలోనే, వాటి మధ్యలోనే, ధీరుడైన రామదాసు బంధనాన్ని తెంచిన సంగతీ వస్తుంది.

ఒక్క క్షణం ఆగి చూడండి. గజేంద్రుడు భాగవతం నుంచి, ద్రౌపది భారతం నుంచి, సీత రామాయణం నుంచి వచ్చారు. వాళ్ల నడుమ పాల్వంచ తాసీల్దారు! నూటపాతికేళ్లయినా నిండని ఒక సర్కారు ఉద్యోగి ఖైదు కథ పురాణాల సరసన కూర్చుంది. త్యాగయ్యకు అది చరిత్ర కాదు, సాక్ష్యం. నువ్వు కరుణించే దేవుడివే, నిన్నగాక మొన్న ఒకడికి చేశావు, మరి నాకెందుకు చెయ్యవు? వాది త్యాగయ్య, ప్రతివాది రాముడు, సాక్షి రామదాసు.

కీరవాణిలో ‘కలిగియుంటే గదా’ అనే కృతిలో స్వరం మారుతుంది. నారదుడు, ప్రహ్లాదుడు, పరాశరుడు, రామదాసు వంటి భాగవతోత్తములకున్నంత భాగ్యం నాకుంటే కదా అని నిట్టూరుస్తాడు. పేచీ పోయి చిన్నబుచ్చుకోవడం వచ్చింది.

అన్నిటికన్నా ముచ్చటైనది సారంగ రాగంలోని ‘ఏమి దోవ’. ఇక నాకు దారేదో చెప్పు అంటూ మొదలుపెట్టి, నేను రామదాసులాంటి వాణ్నయి ఉంటే సీతమ్మే నిన్ను ప్రేమతో మందలించేది కదా అంటాడు. రామదాసు సీతమ్మను సిఫారసు అడిగిన సంగతి త్యాగయ్యకు బాగా తెలుసు. ఆ పాట ఆయన చెవిలో మోగుతూ ఉంటేనే ఈ మాట పుడుతుంది. అన్నకు ఇప్పించిన సిఫారసు నాకు లేకపాయెనే అని తమ్ముడు మూతి ముడిచినట్టు ఉంటుంది. ఒక వాగ్గేయకారుడు మరో వాగ్గేయకారుడి మీద ఇంత చనువుగా అసూయపడటం అరుదు.

మధ్యమావతిలో ‘అడిగి సుఖము’ మరీ గడుసుది. నిన్ను అడిగి ఎవరు బాగుపడ్డారని ఎదురు ప్రశ్న వేసి, సీత అడవులపాలు కావడం, శూర్పణఖ ముక్కు పోవడం ఒక్కొక్కటీ ఏకరువు పెడతాడు. ఇందులో రామదాసు పేరు లేదు. కానీ చిట్టా విప్పి నిలదీసే ఆ తీరు ఎవరిదో వేరే చెప్పాలా?

ఖజానా తేడా

ఇద్దరి కథల్లోనూ డబ్బు ఉంది. రామదాసు రాజు సొమ్ము రాముడికి ఖర్చుపెట్టి జైలుకు వెళ్లాడు. త్యాగయ్య తంజావూరు రాజు శరభోజి పంపిన ధనాన్ని కాదన్నాడని, అప్పుడే కల్యాణిలో ‘నిధి చాల సుఖమా’ పుట్టిందని చెబుతారు. అందుకు కోపించిన అన్న, పూజలోని విగ్రహాలను కావేరిలో పారేశాడన్నది మరో కథ. ఒకరికి రాజు శత్రువయ్యాడు, మరొకరికి ఇంటివాడే అయ్యాడు. పల్లెటూళ్లలో హరికథ చెప్పేవాళ్లు ఈ రెండూ ఒకే రాత్రి చెప్పినా జనం విసుక్కోరు. అన్నట్టు తెరమీద ఈ ఇద్దరూ ఒకే మనిషి! 1946లో ‘త్యాగయ్య’గా కనిపించిన చిత్తూరు నాగయ్యే 1964లో ‘రామదాసు’ అయ్యాడు.

త్యాగయ్య కాలంలోనే రామదాసు వారసత్వం ఒకసారి కాళ్ల మీద నడిచి తిరువయ్యూరు వచ్చింది. గుంటూరు ప్రాంతం వాడైన తూము నరసింహదాసు (1790-1833) దక్షిణ యాత్రలో త్యాగరాజును దర్శించుకున్నాడు. ఆయన మీద కీర్తన కూడా కట్టాడు. తర్వాత భద్రాచలం చేరి అక్కడి ఆలయంలో నిత్యపూజలు, ఉత్సవాలు గాడిన పెట్టాడు. రామదాసే మళ్లీ పుట్టాడని అప్పటివాళ్లు అనుకున్నారట. ఇప్పుడు భద్రాచలంలో రామదాసు జయంతి ఉత్సవాల్లో ఆయన నవరత్న కీర్తనలను గోష్ఠిగా పాడుతున్నారు. తిరువయ్యూరు పంచరత్న గోష్ఠి చూసినవాళ్లకు ఆ కూర్పు తెలిసినదే. తమ్ముడి పండుగ పద్ధతి అన్నకు వచ్చింది.

పాశ్చాత్య సంగీతంలోనూ ఇలాంటి కథ ఒకటుంది. త్యాగరాజుకు మూడేళ్లు చిన్నవాడు బీథోవెన్. ఆయన పోయాక పుట్టిన జర్మన్ రొమాంటిక్ స్వరకర్త బ్రామ్స్‌కు వెనక ఎప్పుడూ ఆ మహానుభావుడి అడుగుల చప్పుడు వినిపించేదట. ఆ జంకుతో మొదటి సింఫనీ పూర్తి చేయడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1876లో అది వేదికెక్కేనాటికి ఆయనకు 43 ఏళ్లు. త్యాగయ్యకూ వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ఆయన జంకలేదు. వెనక్కి తిరిగి, నువ్వు కూడా రా, మనిద్దరం కలిసి అడుగుదాం అన్నాడు.

ఖిల్లా గోడ మీద బొగ్గు గీతలు

మళ్లీ నిజామాబాద్ ఖిల్లాకే వద్దాం. గుడి ఉన్న ఈ కోటలోనే నిజాం జమానాలో జైలు ఉండేది. 1948లో ఇక్కడ బందీలైనవారిలో కవి దాశరథి కృష్ణమాచార్య, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. కాగితం, కలం దొరకని చోట దాశరథి బొగ్గుముక్కతో గోడ మీద పద్యం రాశాడు. తన తెలంగాణను రతనాల వీణతో పోల్చిన ఆ మాట తర్వాత ఊరూరా మారుమోగింది.

దాశరథి రామభక్తి కవి కాడు, నిజాం మీద నిప్పు కురిపించినవాడు. 1949లో వచ్చిన ఆయన తొలి సంపుటి పేరే ‘అగ్నిధార’. అయినా ఖైదులో గోడనే పుస్తకం చేసుకున్నప్పుడు గోల్కొండ బందీఖానా గుర్తుకు రాకుండా ఉండదు. పైగా రామదాసు రాసిన శతకం పేరు ‘దాశరథీ శతకం’. ఈయన ఇంటిపేరు దాశరథి. కాకతాళీయమే కావచ్చు, కానీ ఖిల్లా మెట్లెక్కుతుంటే ఈ సంగతి తలపుకొస్తుంది. ఇప్పుడిక్కడ ఖైదీలు లేరు. పైన గుడిలో గంట మోగితే కింద పాత జైలు గోడల దాకా వినిపిస్తుంది.

ఖిల్లా చూశాక బోధన్ దారి పట్టి ఇంకాస్త ముందుకు వెళ్తే కందకుర్తి. మంజీర, హరిద్ర వచ్చి గోదావరిలో కలిసే త్రివేణి సంగమం. తెలంగాణలోకి గోదావరి అడుగుపెట్టేది ఇక్కడే. ఈ నీళ్లే పోచంపాడు మీదుగా సాగి సాగి భద్రాచలంలో రాముడి పాదాల చెంతకు చేరతాయి.

సంగీత కచేరీలు చివర్లో మంగళం పాడి ముగిస్తారు. ఎక్కువగా వినిపించేది సౌరాష్ట్ర రాగంలోని ‘నీ నామ రూపములకు’. అది ‘ప్రహ్లాద భక్తి విజయం’లోని మంగళ గీతమే. భద్రాచల రామదాసుకు మొక్కి మొదలైన ఆ నాటకం ముగిసేది ఆ పాటతోనే. ఇక పల్లె భజన చివర హారతి పళ్లెం లేచేటప్పుడు ఎక్కువగా ఎత్తుకునేది రామదాసు ‘రామచంద్రాయ జనక’. సిరికొండ వైపు శనివారం రాత్రి ఆ మంగళం అయ్యేసరికి పదో పదకొండో అవుతుంది. తర్వాత కొబ్బరి ముక్కలు పంచుతారు, చాప చుడతారు, హార్మోనియం పెట్టెకు గొళ్లెం పెడతారు.